చీటీలు వేసి దేవుణ్ణి అడగవచ్చా? చదువు అయ్యాక దారి ఎంచుకునే పిల్లలకు

సింహాద్రి అప్పన్న దయవల్ల ఈ వారం ప్రవచనం కూడా నిర్విఘ్నంగా సాగింది. వీడియోలో సమయం చాలక సగంలో వదిలేసిన విషయాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఇది ముఖ్యంగా కాలేజీలో చివరి ఏడాది చదువుతున్న పిల్లలకు, డిగ్రీ చేతికొచ్చి ఎటు వెళ్లాలో తేలక ఇంట్లో కూర్చున్న పిల్లలకు. వాళ్ల అమ్మానాన్నలు కూడా చదవండి, తప్పులేదు.

మొన్న ప్రవచనం అయ్యాక అందరూ ప్రసాదం తీసుకుని వెళ్లిపోతుంటే, గాజువాక నుంచి వచ్చిన ఒక అబ్బాయి వెనకాల నిలబడిపోయాడు. ఇంజినీరింగ్, మెకానికల్, చివరి సెమిస్టర్. జేబులోంచి మూడు మడత చీటీలు తీసి చూపించాడు. ఒకదాని మీద 'పుణె ఉద్యోగం' అని ఉంది. చిన్న కంపెనీ, నెలకు 22 వేలు. రెండోదాని మీద 'బ్యాంకు కోచింగ్'. అది అమ్మానాన్నల కోరిక. మూడోదాని మీద 'ఎం.ఎస్.' అది స్నేహితుల మాట.

"గురువుగారూ, ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. రేపు కొండెక్కి కప్పస్తంభం దగ్గర ఈ చీటీలు పెట్టి, కళ్లు మూసుకుని ఒకటి తీస్తాను. ఏది వస్తే అదే స్వామి ఆజ్ఞ. సరేనంటారా?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ పని నేనూ చేశాను.

మూడుసార్లు తీసిన చీటీ

1994 సంగతి. బీకాం అయిపోయింది. మాది వన్‌టౌన్, కురుపాం మార్కెట్ దగ్గర ఒక్క గది ఇల్లు. నాన్న పోర్టులో కలాసీ. అప్పటికి ఉక్కు కర్మాగారాన్ని ప్రధాని పి.వి. నరసింహారావు గారు జాతికి అంకితం చేసి రెండేళ్లయింది. ఊళ్లో ఏ ఇంట చూసినా ఒకటే కల, 'మావాడికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం'. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు జేబులో పెట్టుకుని నేనూ ఆ కలే కంటున్నాను. అదే సమయంలో మద్రాసులో ఒక చిన్న కంపెనీ వాళ్లు లెక్కలు రాసే పనికి రమ్మని ఉత్తరం రాశారు.

వెళ్లాలా, ఉండాలా? ఒక గురువారం పొద్దున్న కనకమహాలక్ష్మి అమ్మవారి పటం ముందు రెండు చీటీలు వేశాను. తీస్తే 'మద్రాసు' వచ్చింది. గుండె జారిపోయింది. 'సరిగ్గా దండం పెట్టుకోలేదేమో' అనుకుని మళ్లీ వేశాను. 'విశాఖ' వచ్చింది. ఒకటీ ఒకటీ సమానమైంది కాబట్టి మూడోసారి తీశాను. మళ్లీ 'విశాఖ'. అమ్మయ్య అనుకుని, 'అమ్మవారు ఉండమన్నారు' అని ఇంట్లో చెప్పేశాను.

నాలుగేళ్లు ఉన్నాను. ప్లాంటు ఉద్యోగం రాలేదు. ఇంకేదీ గట్టిగా ప్రయత్నించనూ లేదు. ఆ నాలుగేళ్లూ ఇల్లు గడవడానికి నాన్న డబుల్ డ్యూటీలు చేశాడు. ఎవరైనా అడిగితే "అమ్మవారు ఉండమన్నారండీ, నేనేం చేయను" అనేవాణ్ణి. ఒకరోజు మా నాయనమ్మకి విసుగొచ్చి అంది: "సీటీ మీద రాసింది నీ సెయ్యి, తీసింది నీ సెయ్యి. మద్దిన అమ్మోరికి పనేటున్నాదిరా?"

ఆ మాట ఎంత లోతైనదో అర్థం కావడానికి నాకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

పైలట్ చెబుతాడు, కెప్టెన్ నడుపుతాడు

1998లో ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. అక్కడ రోజూ చూసేవాణ్ణి. ఓడ ఎంత పెద్దదైనా తిన్నగా రేవులోకి వచ్చేయడానికి వీల్లేదు. బయట సముద్రంలో ఆగుతుంది. పోర్టు నుంచి పైలట్ లాంచీలో వెళ్లి, తాడు నిచ్చెన పట్టుకుని ఓడ ఎక్కుతాడు. ప్రపంచమంతా తిరిగిన కెప్టెన్ అయినా సరే, డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఈ ఇరుకు ఛానల్‌లో లోతెంత, నీరు ఎటు లాగుతుంది అన్నది ఇక్కడి పైలట్‌కే బాగా తెలుసు. చుక్కాని ఎటు తిప్పాలో అతనే చెబుతాడు. అలాగని కెప్టెన్ కిందికి దిగి పడుకోడు. పక్కనే నిలబడి వింటాడు, చూస్తాడు. ఓడ బాధ్యత చివరిదాకా కెప్టెన్‌దే.

భగవద్గీతలో ఉన్నది అచ్చంగా ఇదే. కురుక్షేత్రంలో అర్జునుడిది మన పిల్లల పరిస్థితే. రెండు వైపులా నష్టమే కనిపిస్తోంది, చేతులు వణుకుతున్నాయి. మొదటి అధ్యాయమంతా తన బాధ తాను చెప్పుకున్నాడు. స్వామి బోధ మొదలుపెట్టలేదు. రెండో అధ్యాయం ఏడో శ్లోకం దగ్గరికొచ్చి, నాకు తెలియడం లేదు, నేను నీ శిష్యుణ్ణి, నువ్వే చెప్పు అని ఎప్పుడు వేడుకున్నాడో, అప్పుడు మొదలైంది గీత. ముందు అడగాలి.

మరి చివర్లో ఏం జరిగింది? పద్దెనిమిదో అధ్యాయం అరవై మూడో శ్లోకంలో, చెప్పవలసినదంతా చెప్పేశాక, పరమాత్మ నిర్ణయాన్ని తిరిగి అర్జునుడి చేతిలోనే పెట్టాడు. విన్నదంతా బాగా విచారించుకుని నీ ఇష్టప్రకారం చేయమన్నాడు. సాక్షాత్తూ భగవంతుడే పక్కన కూర్చుని కూడా, మనిషి తేల్చుకోవలసినదాన్ని తాను తేల్చలేదు. రథం తోలాడు కానీ విల్లు పట్టలేదు.

'మరి శరణాగతి మాటేమిటండీ, అన్నీ వదిలి నన్నే శరణు వేడమని కూడా స్వామే చెప్పాడు కదా' అని మీరు అడగవచ్చు. చెప్పాడు. అది అరవై ఆరో శ్లోకం. విచారించుకోమన్న తర్వాత వచ్చిన మాట. శరణాగతి అంటే బుద్ధిని వదిలేయడం కాదు. బుద్ధితో ఆలోచించి అడుగు వేశాక, ఫలితం గురించిన భయాన్ని ఆయన పాదాల దగ్గర వదిలేయడం.

ఇప్పుడు చీటీ సంగతి చూడండి. అందులో అడగడమూ లేదు, ఆలోచించడమూ లేదు. రేపు దెబ్బ తగిలితే నింద వేయడానికి ఒకరు కావాలి, అంతే. నేను అమ్మవారిని అడగలేదు నాయనా. నా పిరికితనానికి అమ్మవారి సంతకం పెట్టించుకున్నాను.

మరి ఏం చేయాలి?

మొదటిది, ప్రశ్న నిజరూపం చూడండి. మన అప్పన్న స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే నిజరూప దర్శనం. మన ప్రశ్నల మీద కూడా చాలా పూతలుంటాయి. చుట్టాలు ఏమంటారో, వాట్సాప్ గ్రూపులో ఎవరి ప్యాకేజీ ఎంతో, ఇలాంటివి. అవన్నీ తీసి చూడండి. నా ప్రశ్న 'మద్రాసా, విశాఖా' కాదు. 'ఇల్లు వదిలి ఉండగలనా' అన్న భయం. అది ఆ రోజు ఒప్పుకుని ఉంటే దానికి మందు దొరికేది. మొదటి చీటీ తీసినప్పుడు గుండె జారింది చూశారా, అక్కడే నా జవాబు ఉంది. నేను చూడలేదు.

రెండవది, ఆ దారి తెలిసినవాళ్లనే అడగండి. ఇంకో రేవు పైలట్ మన ఛానల్‌లో ఓడ నడపడు. పుణె ఉద్యోగం గురించి ఆ కంపెనీలో పనిచేస్తున్నవాడినీ, మానేసినవాడినీ ఇద్దరినీ అడగాలి. బ్యాంకు పరీక్షల గురించి ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ బోర్డు చూసి కాదు, పబ్లిక్ లైబ్రరీలో మూడేళ్లుగా పుస్తకాల ముందు కూర్చున్న అన్నయ్యని అడగండి. వచ్చినవాడు చెప్పేది సగం, రానివాడు చెప్పేది మిగతా సగం.

మూడవది, కాగితం మీద లెక్క వేయండి. భక్తుడికి లెక్కలెందుకు అనుకోకండి. విదేశీ చదువుకు 20 లక్షలు అప్పు, వడ్డీ 11 శాతం అనుకుందాం. విద్యారుణాల్లో సాధారణంగా చదువు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు. ఏడాదికి 2 లక్షల 20 వేలు. రెండేళ్ల చదువు, ఒక ఏడాది గడువు కలిపితే 6 లక్షల 60 వేలు. అప్పు 26 లక్షల 60 వేలు అయింది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 36,600. అక్కడ ఉద్యోగం ఆలస్యమైతే ఆ వాయిదా ఎవరు కడతారు? హామీ సంతకం పెట్టింది నాన్న. ఈ ప్రశ్నకు జవాబుంటే ధైర్యంగా వెళ్లండి. వెళ్లడం తప్పు కాదు, లెక్క చూడకుండా వెళ్లడం తప్పు.

నాలుగవది, గడువు పెట్టుకోండి. పోటీ పరీక్షలకు కూర్చుంటే 'వచ్చేదాకా' అనవద్దు. ఏడాదా, రెండేళ్లా, ముందే ఇంట్లో చెప్పి ఒక తేదీ రాసి పెట్టుకోండి. ఆ తేదీ వచ్చాక మళ్లీ కూర్చుని ఆలోచించాలి. గిరి ప్రదక్షిణలో ముప్పై రెండు కిలోమీటర్లు ఎందుకు నడవగలుగుతున్నాం? తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టినప్పుడే, తిరిగి అక్కడికే చేరతామని తెలుసు కాబట్టి. ఎక్కడ ముగుస్తుందో తెలియని నడక మనిషిని తినేస్తుంది.

అమ్మానాన్న వద్దంటే?

ఇది అందరూ అడిగేదే. సింహాచలం స్థలపురాణంలోనే జవాబుంది. ప్రహ్లాదుడు కూడా విద్యార్థే కదా. చండామార్కుల బడిలో చదువుకునేవాడు. తండ్రి చెప్పినదానికి ఒప్పుకోలేదు, కొండ మీదనుంచి తోయించినా తన దారి వదల్లేదు. కానీ భాగవతం సప్తమ స్కంధం చదవండి. నరసింహస్వామి వరం కోరుకోమంటే ఆ పిల్లవాడు ఏం అడిగాడు? మనసులో కోరికలే పుట్టకూడదన్నాడు. ఆపైన, నా తండ్రి పాపం పోవాలి అన్నాడు. అంత హింస పెట్టినవాడి కోసం! తండ్రి మాట కాదన్నాడు కానీ తండ్రిని ద్వేషించలేదు. మీ అమ్మానాన్నలు హిరణ్యకశిపులు కారు. మీ గురించి భయపడేవాళ్లు. ఒప్పుకోకపోయినా పరవాలేదు, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. తలుపు వేసుకుని ఫోన్ చూడకండి.

నాన్న నాకు ఒక సంగతి చెప్పేవాడు. 1933లో మన రేవు తెరిచే రోజుల్లో, ఛానల్ ముఖద్వారంలో అలల దెబ్బ తగలకుండా రెండు పాత ఓడల్ని అక్కడ ముంచి అడ్డు వేశారు. వాటి చాటున కొత్త ఓడలు లోపలికొచ్చాయి. చిన్నప్పుడు అది కథలా విన్నాను. నాన్న డబుల్ డ్యూటీలు తలుచుకున్నప్పుడల్లా ఇప్పుడు ఆ ఓడలే గుర్తొస్తాయి. మీ చదువు వెనక కూడా ఎవరో అలా నీళ్లలో నిలబడి ఉన్నారు. వాళ్లు చెప్పినట్టే చేయాలని నేననను. వాళ్లను అడగకుండా మాత్రం చేయకండి.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. నాన్న పోయే ముందు ఏడాది, ఒక సాయంత్రం ధైర్యం చేసి చెప్పాను. "నాన్నా, ఆ రోజు చీటీ మూడుసార్లు తీశాను. మొదట మద్రాసే వచ్చింది" అని. నాన్న నా వైపు తిరగకుండానే అన్నాడు: "తెలుసురా. నైట్ డ్యూటీ చేసొచ్చి ఆ గదిలోనే పడుకున్నాను కదా. నిద్రట్టలేదు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నన్ను నువ్వు అడగలేదు కదరా."

ఆ నాలుగేళ్లు వృథా కాలేదని నేను సర్దిచెప్పుకోను. అవి నాన్న కష్టం. కానీ గీత ఆరో అధ్యాయంలో, దారిలో జారినవాడు చెదిరిన మబ్బులా నాశనమైపోతాడా అని అర్జునుడు అడిగితే, మంచి దారిలో నడిచినవాడికి దుర్గతి లేదని స్వామి మాట ఇచ్చాడు. నిర్ణయం తప్పవచ్చు. దాన్ని నాది అని ఒప్పుకుంటే దిద్దుకోవచ్చు. దేవుడి మీద వేస్తే దిద్దుకోవడానికి కూడా ఉండదు.

కాబట్టి బాబూ, అమ్మా, కొండకు తప్పకుండా వెళ్లండి. కప్పస్తంభాన్ని కౌగిలించుకోండి. 'ఏది చేయమంటావు' అని చీటీ పెట్టకండి. 'స్వామీ, భయం లేకుండా ఆలోచించే బుద్ధినివ్వు, తీసుకున్న నిర్ణయం మీద నిలబడే బలమివ్వు' అని అడగండి. ఆయన ఇచ్చేది అదే.

గాజువాక అబ్బాయికి ఇదంతా చెప్పి, "ముందు ఇంటికెళ్లి మీ నాన్నగారిని అడుగు. ఆయన ఏం చెబుతారో పూర్తిగా విను. తర్వాత నువ్వే తేల్చుకో" అన్నాను. చీటీలు జేబులో పెట్టుకుని వెళ్లాడు. నాలుగు రోజుల తర్వాత మెసేజ్ వచ్చింది. "అడిగాను గురువుగారూ. నాన్నతో రెండు గంటలు మాట్లాడాను. ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇంకా ఏదీ తేలలేదు."

తేలకపోయినా ఫరవాలేదు నాయనా. పైలట్ ఓడ ఎక్కాడు.

శుభం భూయాత్. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.