బుట్ట ఎత్తు ఒకటే

ఆడపిల్లకీ మగపిల్లాడికీ తేడా చూపించని ఇల్లు మాది అని ఇరవై ఏళ్ళుగా నలుగురిలో చెప్పుకుంటూ వస్తున్నాను. మొన్న పుంగనూరులో మా అక్కగారింట్లో ఆ మాట కాస్తా గొంతులోనే ఆగిపోయింది.

కుప్పం నుంచి మా తమ్ముడు పిల్లలిద్దరినీ తీసుకొచ్చాడు. ఇద్దరూ బాస్కెట్‌బాల్ ఆడతారు. కాలేజీ పేరెందుకు గాని, అక్కడ చల్లబడ్డాక గ్రౌండు మగపిల్లలదిట; మధ్యాహ్నం మూడు గంటల ఎండ ఆడపిల్లలదిట. వాడికి కొత్త బూట్లు వచ్చాయి. దానికి మాత్రం "వచ్చే ఏడు చూద్దాంలే" అన్న మాట వచ్చింది.

"ఆడపిల్లల ఆట చూడను ఎవరొస్తారుక్కా? జనాలొచ్చే ఆటకే కదా దుడ్డు పెట్టేది!" అన్నాడు తమ్ముడు.

మదనపల్లె మండీకి టమాటాలు తోలే ఇంటి కోడల్ని నేను. ధర లేదని నారుకి నీళ్ళు మానేస్తే, ధర పలికేనాటికి గంపలో ఏముంటుంది? జనం రారని గ్రౌండు ఇవ్వరు. గ్రౌండు లేక ఆట కుదరదు. ఆట కుదరలేదని జనం రారు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ముందు ఇవ్వాలి కదా! మన క్రికెట్ బోర్డు ఆడవాళ్ళకీ మగవాళ్ళతో సమానంగా మ్యాచ్ ఫీజు ఇస్తామని 2022లో ప్రకటించింది. 2025లో మన అమ్మాయిలు ప్రపంచ కప్పు గెలిచారు. పక్కనున్న కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఆ జట్టులో ఉంది. ఫీజు వల్లే గెలిచారని అనను గాని, నీళ్ళు ముందు, కాయ తరవాత అన్నది మాత్రం నిజం.

"మరి ఆడోళ్ళ బంతి చిన్నదెందుకత్తా?" అన్నాడు మేనల్లుడు కొంటెగా. నిజమే, చుట్టుకొలత ఒక అంగుళం తక్కువట.

"చెయ్యి చిన్నదని బంతి చిన్నది. బుట్ట మట్టుకు ఇద్దరికీ పదడుగుల మీదనే ఉండాది కదన్నా!" అంది చెల్లెలు.

ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది. 1891లో అమెరికాలో నైస్మిత్ అనే మాస్టారు పీచ్ పళ్ళ బుట్టలు గోడకి తగిలించి ఈ ఆట మొదలుపెట్టాడు. మరుసటి ఏడే సెండా బెరెన్సన్ అనే టీచరమ్మ దాన్ని ఆడపిల్లలకి నేర్పింది. అయితే ఆటస్థలాన్ని మూడు భాగాలు చేసి, ఎవరి గీత వాళ్ళు దాటకూడదంది. బంతి లాక్కోకూడదంది. ఆవిడ ఉద్దేశం మంచిదే. ఆ మాత్రం సర్దుబాటు లేకపోతే ఆనాటి పెద్దలు అసలు ఆడనిచ్చేవారో లేదో! కాని గడప దాటించడానికి గీసిన గీతలు ఆ తరవాత చాలా ఏళ్ళు కాళ్ళకి అడ్డం పడ్డాయి. ఒలింపిక్స్‌లో మగవాళ్ళ బాస్కెట్‌బాల్ 1936లో వస్తే, ఆడవాళ్ళది రావడానికి 1976 దాకా పట్టింది.

చిన్న బంతీ ఆడవాళ్ళ సౌకర్యం కోసమే, ఆ గీతలూ వాళ్ళ సౌకర్యం కోసమే. రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? దానివల్ల పిల్ల ఇంకాస్త బాగా ఆడగలుగుతోందా, లేక ఉన్నచోటే నిలబడిపోతోందా అని చూస్తే తెలుస్తుందేమో. అన్నీ ఒకే కొలతలో ఉండాలని నేననను. అక్కగారి దొడ్లో పొట్టి పుంగనూరు ఆవు ఉంది. ఒంగోలు గిత్తంత ఎత్తు లేదని దాన్ని తక్కువ చేసేవాళ్ళెవరు? దాని పాల చిక్కదనం దానిదే. ఆడవాళ్ళని ఆవులతో పోల్చానని కోప్పడకండి సుమా!

ఇదంతా ఉపన్యాసంలా చెప్పి, కాఫీ గ్లాసు అందుకున్నానో లేదో, మేనకోడలు అడిగింది: "అంతా బాగుంది గాని అత్తా, మన వదిన టెన్నికాయిట్ బాగా ఆడేదంట కదా, ఎందుకు మానేసింది?"

నేను జవాబు చెప్పలేకపోయాను.

మా అమ్మాయిని ఆడొద్దని మేమెవరం అనలేదు. సాయంత్రం అయిదింటికి దానికి ప్రాక్టీసు, అదే వేళకి అబ్బాయికి ట్యూషను. ఇంట్లో ఉన్నది ఒక్క స్కూటరు. "నీదేముందమ్మా, ఆటే కదా, రేపు వెళ్దువుగాని" అన్నాను. ఆ రేపులు పోగుపడి, ఒకరోజు రింగు అటక ఎక్కింది. అది ఏడవలేదు, అలగలేదు. బుద్ధిమంతురాలని మెచ్చుకున్నాను కూడా!

ఆ రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి ఆ సంగతి ఎత్తాను. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ?" అని నవ్వింది. "నాకేం బాధ లేదమ్మా" అంటుందేమోనని కాసేపు ఎదురుచూశాను. అనలేదు.

మర్నాడు మేనకోడలికి బూట్లు నేనే కొన్నాను. తమ్ముడు మొహమాటపడ్డాడు. అది కూతురి బాకీ అని వాడికి చెప్పలేదు.

"వద్దు" అనే ఇళ్ళు ఇప్పుడు తక్కువే. "తరవాత చూద్దాం" అనే ఇళ్ళే ఎక్కువ. మీ ఇంట్లో ఆ "తరవాత" ఎవరి వాటాకి ఎక్కువగా వస్తోందో, తీరిక చేసుకుని ఒక్కసారి లెక్క చూసుకోండి.