విడిభాగంలో మంచి ఎక్కడుంది?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, మరే ఊళ్లోని కంప్యూటర్ షాపులో గానీ, సిస్టమ్ అసెంబుల్ చేయించుకోవాలని వచ్చినవాళ్లకు మామూలుగా రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. బడ్జెట్ ఎంత? దేనికి వాడతారు? మొదటిదానికి ఒక అంకె చెబితే సరిపోతుంది. రెండోదానికి చాలామంది ‘గేమింగ్‌కీ, వీడియో ఎడిటింగ్‌కీ’ అని ఒక్క మాటలో చెప్పేసి, వెంటనే ఏ ప్రాసెసర్ మంచిది, ఏ గ్రాఫిక్స్ కార్డ్ మంచిది అన్న బేరంలోకి దిగుతారు. ఆ తొందరలో దాటిపోయేది చిన్న ప్రశ్న కాదు. ఒక భాగం ‘మంచిది’ అన్నప్పుడు ఆ మంచి ఆ భాగంలోనే ఉందా? భాగాలన్నీ కలిసిన మొత్తంలో ఉందా? లేక అది ఏ పనికోసం వచ్చిందో ఆ పనిలో ఉందా? రథాన్నీ గుడ్డనూ యాగాన్నీ ఉదాహరణగా పెట్టుకొని మన దర్శనకారులు శతాబ్దాలపాటు వాదించుకున్న ప్రశ్న ఇది. బౌద్ధుడూ, న్యాయదర్శనం అనుసరించే నైయాయికుడూ దీనికి చెప్పిన జవాబుల్లో చెరికొంత నిజం ఉంది. పూర్తిగా నిలబడే జవాబు మాత్రం యాగవిధులను విచారించే మీమాంసకుడి దగ్గర దొరుకుతుందని నా నమ్మకం.

ముందు సాక్ష్యం చూద్దాం. ఏఎండీ 2022లో రైజెన్ 9 7950ఎక్స్, 2023లో రైజెన్ 7 7800ఎక్స్3డీ విడుదల చేసింది. మొదటిదానికి 16 కోర్లు, రెండోదానికి 8. మొదటిది 5.7 గిగాహెర్ట్జ్ దాకా వెళుతుంది, రెండోది 5 దగ్గర ఆగుతుంది. విడుదలైనప్పుడు మొదటిది 699 డాలర్లు, రెండోది 449. అంకెలు చూసినవాళ్లెవరైనా మొదటిదే గొప్పదంటారు. అయినా ఎక్కువ గేముల్లో ఆ ఎనిమిది కోర్లదే ముందుంటుంది. కారణం దాని కోర్లున్న చిప్ మీద అదనంగా పేర్చిన క్యాష్ మెమరీ. దీనికి 96 ఎంబీ, దానికి 64. అదే వీడియోను ఎక్స్‌పోర్ట్ చేయడానికి పెడితే 16 కోర్లది సునాయాసంగా దాటిపోతుంది. ఈ తారుమారు ఎందుకో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 60 హెర్ట్జ్ మానిటర్ మీద గేమ్‌లోని ప్రతి బొమ్మా 16.67 మిల్లీసెకన్లలోపు సిద్ధం కావాలి. 144 హెర్ట్జ్ అయితే 7 మిల్లీసెకన్లు కూడా ఉండవు. ఆ గడువు దాటి వచ్చిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఆలస్యమే, ఆటగాడి కంటికి తడబాటే. కావలసిన సమాచారం కోర్‌కు ఎంత దగ్గర్లో ఉంటే అంత నయం కాబట్టి పెద్ద క్యాష్ అక్కడ ప్రాణంతో సమానం. ఎక్స్‌పోర్ట్‌కు అలాంటి గడువు లేదు. ఏ ఫ్రేము ఎప్పుడు తయారైందని ఎవరూ చూడరు, మొత్తం ఎప్పుడు ముగిసిందన్నదే లెక్క. అక్కడ చేతులు ఎన్ని ఉంటే అంత మేలు. ఒకే సిలికాన్ ముక్క ఒక పనికి ఉత్తమం, ఇంకో పనికి మధ్యస్థం. మంచి అనేది ఆ ముక్కలోనే ఉండే గుణమైతే, పని మారగానే అది ఎటు పోయింది?

ఇంకో ఉదాహరణ నాకు మరీ ఇష్టం, ఎందుకంటే అందులో వ్యర్థమనుకున్నదే ముఖ్యమవుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో కొన్నిటి పేరు చివర ‘ఎఫ్’ ఉంటుంది. అంటే లోపల ఉండాల్సిన చిన్న గ్రాఫిక్స్ విభాగం వాటిలో పనిచేయదు, అందుకే కాస్త చవక. విడిగా పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ కొనే గేమర్‌కు అది తెలివైన పొదుపు. కానీ సోనీ ఏ7ఎస్ 3 లాంటి కెమెరాతో 10-బిట్ 4:2:2 హెచ్.265 ఫుటేజీ తీసి ఎడిట్ చేసే మనిషి సంగతి వేరు. ఆ ఫుటేజీని హార్డ్‌వేర్‌లోనే విప్పగల శక్తి 11వ తరం నుంచి ఇంటెల్ అంతర్గత గ్రాఫిక్స్‌లో ఉంది. ఎన్‌విడియా కార్డులకు ఆ శక్తి 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణితో గానీ రాలేదు. అంతకుముందు తరం కార్డ్ ఎంత ఖరీదైనది పెట్టినా, ‘ఎఫ్’ ప్రాసెసర్ తీసుకున్న ఎడిటర్ టైమ్‌లైన్ మీద క్లిప్పును అటూ ఇటూ జరిపినప్పుడల్లా బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఒకరి దృష్టిలో తీసేసినా నష్టం లేని భాగమే ఇంకొకరి రోజంతటినీ నడుపుతుంది.

ఇక్కడ బౌద్ధుడు తన రథాన్ని ముందుకు తెస్తాడు. మిళిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో భిక్షువు నాగసేనుడు యవన రాజు మిళిందుణ్ణి అడుగుతాడు: ఇరుసు రథమా, చక్రం రథమా, కాడి రథమా? ఏదీ కాదు. అన్నీ కలిపితే రథమా? అదీ కాదు. రథం అనేది ఆ భాగాలను ఆశ్రయించి వాడుకలో పెట్టుకున్న పేరు మాత్రమే. కంప్యూటర్ విషయంలోనూ అంతేనంటే ఒక చిక్కు వస్తుంది. మొత్తం అనేది ఉత్త పేరే అయితే, అసలున్నవి భాగాలే కాబట్టి, మంచి భాగాలు పోగేస్తే మంచి యంత్రం రావాలి. బియ్యం కుప్పలో ఇంకో సోలెడు పోస్తే కుప్ప పెరుగుతుందే గానీ తరగదు. ర్యామ్ విషయంలో అలా జరగదు. రైజెన్ 7000 శ్రేణికి ఏఎండీ ఇచ్చిన వివరాల ప్రకారం రెండు డీడీఆర్5 స్టిక్కులు పెడితే హామీ ఉన్న వేగం సెకనుకు 5200 మెగాట్రాన్స్‌ఫర్లు, నాలుగు పెడితే 3600. అదే రకానికి చెందిన, ఏ లోపమూ లేని మరో రెండు స్టిక్కులు చేర్చినందుకు మెమరీ నెమ్మదించింది. తగ్గింది ఏ స్టిక్కులో? విడివిడిగా పరీక్షిస్తే దేనిలోనూ కాదు. తగ్గింది వాటి కూడికలో. నైయాయికుడు పట్టుకున్న సూత్రం ఇదే. దూరం నుంచి సైన్యమూ అడవీ ఒక్కటిగా కనిపించినట్టే మొత్తం కూడా కనిపిస్తుందన్న వాదాన్ని గౌతముడి న్యాయసూత్రాలు ఒప్పుకోవు. ఒక అంచు పట్టి లాగితే మొత్తం వస్తుంది కాబట్టి అవయవాలకన్నా, అంటే భాగాలకన్నా, వేరుగా అవయవి అనే మొత్తం ఉందంటాయి. పదిహేడో శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో దీన్నే చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా విడదీశాడు. గుడ్డకు దారాలు ఒక కారణమైతే, ఆ దారాల సంయోగం ఇంకో కారణం. దారాలెంత మంచివైనా ఆ సంయోగం చెడితే గుడ్డ చెడినట్టే. నా లెక్కలో ఇంతవరకు నైయాయికుడిదే పైచేయి.

అయితే బౌద్ధ పక్షంలో నాగసేనుడికన్నా గట్టి మనిషి ఉన్నాడు, మన కృష్ణా తీరంతో సంప్రదాయం ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు. ఆయన తరఫున వేయదగిన ఆక్షేపం ఇలా ఉంటుంది: ‘మంచి కూడికలో ఉందని మీరే ఒప్పుకుంటున్నారు. అంటే ఏ భాగానికీ తనదైన మంచి లేదు, ప్రతిదీ ఇంకోదాని మీద ఆధారపడినదే. నేను శూన్యత అన్నది దీన్నే కదా!’ ఈ మాటను తోసిపుచ్చడం నిజాయితీ అనిపించుకోదు. భాగానికి స్వతస్సిద్ధమైన మంచి లేదన్నంతవరకు ఆయనతో నాకు పేచీ లేదు. పేచీ తర్వాతి మెట్టు దగ్గర వస్తుంది. శూన్యత అన్ని భాగాలకూ సమానం. తగిన ప్రాసెసర్ ఎంత శూన్యమో తగనిదీ అంతే శూన్యం. అందరికీ సమానంగా వర్తించేది దేన్ని ఎంచుకోవాలో చెప్పలేదు, ఎంపికకు తేడా కావాలి. ఎంపిక జరిగేది వ్యవహారంలో. వ్యవహార సత్యాన్ని నాగార్జునుడు కూడా కొట్టిపారేయలేదు, పరమార్థం నుంచి వేరుచేశాడంతే. ఆ వ్యవహారంలో తేడాను నిర్ణయించే నియమం ఏమిటన్నదే మిగిలిన ప్రశ్న.

ఆ నియమాన్ని మీమాంసా సూత్రకారుడు జైమిని ఇచ్చాడు. ఇంకోదాని కోసం ఉన్నది అంగం, దేనికోసం ఉందో అది ప్రధానం. దర్శపూర్ణమాస యాగంలో వడ్లు దంచుతారు. దంచడం బియ్యం కోసం, బియ్యం పురోడాశమనే హోమపు రొట్టె కోసం, పురోడాశం యాగం కోసం. ఎంత లయగా దంచినా, పొట్టు ఊడకపోతే ఆ దంపు తన పని చేసినట్టు కాదు. ఎంత నునుపుగా చెక్కిన రోలైనా యాగం లేకపోతే ఉత్త కొయ్యే. ఒక భాగం విలువ అడగాలంటే ముందు అది దేనికి అంగమో అడగాలన్న ఈ పద్ధతి నైయాయికుడి సంయోగంకన్నా ఒక అడుగు ముందుకు వెళుతుంది. ఎందుకంటే ఒకే సంయోగం గేముకు సరైనదీ ఎడిటింగ్‌కు సరికానిదీ కావచ్చునని ఇప్పుడే చూశాం. యంత్రం గుర్తింపు కూడా ఇలాగే తేలుతుంది. మదర్‌బోర్డ్ మార్చితే విండోస్ యాక్టివేషన్ పోవచ్చని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. ర్యామ్ మార్చితే సాధారణంగా ఆ గొడవ ఉండదు. లైసెన్సు ఇచ్చినవాడికి మదర్‌బోర్డే కంప్యూటర్. పెళ్లి వీడియోలు దాచుకున్న ఎడిటర్‌కు ఎస్ఎస్‌డీయే కంప్యూటర్. యంత్రంలో ప్రధానం ఏదో ప్రయోజనమే చెబుతోంది.

గేమింగ్, ఎడిటింగ్ రెండూ కావాలన్నవాడి దగ్గర రెండు ప్రధానాలున్నాయి, మరి అప్పుడెలా? జైమిని మీమాంసా సూత్రాల్లో పదకొండో అధ్యాయం దాదాపు ఈ చిక్కు కోసమే ఉంది. ఒక్కసారి చేసిన అంగం చాలా ప్రధానాలకు ఉపకరిస్తే దాన్ని తంత్రమంటారు. ఎస్ఎంపీఎస్, క్యాబినెట్, కూలర్ అలాంటివి. వాటిని ఒక్కసారి, గట్టివి తీసుకోవాలి, ఎవరి వాటా ఎంతని కొట్లాట అక్కర్లేదు. ప్రాసెసర్ దగ్గర అలా కుదరదు, ఏ పని పెద్దదో తేల్చుకోవాల్సిందే. మీమాంసకులు ఇంకో మెలకువ కూడా చెబుతారు. కంటికి కనిపించే ప్రయోజనం దొరికినప్పుడు కనిపించని దాన్ని కల్పించకూడదు. ‘ఎప్పటికైనా పనికొస్తుంది’ అని కొనే భాగాలను ఈ గీటురాయి మీద పెట్టి చూడాలి. ఏఎం5 సాకెట్‌ను 2027 దాటేదాకా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది కాబట్టి రేపటి ప్రాసెసర్ కోసం ఈరోజు మంచి బోర్డ్ తీసుకోవడం కనిపించే ప్రయోజనమే. ఏ గేమో, ఏ ప్రాజెక్టో పేరు చెప్పలేని రేపటి కోసం కార్డ్ మీద పెట్టే అదనపు డబ్బుకు ఆ ఆధారం లేదు.

డబ్బుంటే ఈ తలనొప్పే లేదు, అన్నిట్లోనూ ఖరీదైనదే కొంటే సరిపోతుంది కదా అనే ఆక్షేపణ వినడానికి బలంగానే ఉంటుంది. డబ్బు చాలా వైరుధ్యాలను కరిగిస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. అన్నిటినీ కాదు. 2023లో వచ్చిన 7950ఎక్స్3డీ 16 కోర్లనూ పెద్ద క్యాష్‌నూ ఒక్కచోట చేర్చింది. కానీ ఆ అదనపు క్యాష్ ఉన్నది ఎనిమిది కోర్ల వైపే. గేమ్ మొదలైందని గుర్తించి, మిగిలిన ఎనిమిదింటినీ పక్కన కూర్చోబెట్టే పని సాఫ్ట్‌వేర్ మీద పడింది. ‘ఇప్పుడు దేనికోసం?’ అన్న ప్రశ్నను కొనేవాడు దాటవేస్తే యంత్రం ప్రతిసారీ అడుగుతోంది. ఇంకో ఆక్షేపణ లోతైనది: ప్రయోజనం మనిషి మనసులోది, మనసు రోజుకో రకం, దాని మీద విలువను నిలబెడితే విలువ కూడా ఇష్టాయిష్టమే కాదా? కాదు. ఏ పని ఎంచుకోవాలో మన ఇష్టం. ఎంచుకున్నాక ఆ పని ఏం కోరుతుందో మన ఇష్టం కాదు. 16.67 మిల్లీసెకన్లను ఏ కోరికా పొడిగించలేదు.

జైమిని అంతటితో ఆగలేదు. ద్రవ్యమూ గుణమూ సంస్కారమూ మాత్రమే అంగాలని బాదరి అనే ఆచార్యుడు అంటే, జైమిని ఆ గొలుసును పెంచాడు. కర్మ ఫలం కోసం, ఫలం పురుషుడి కోసం, ఆ పురుషుడు కూడా కర్మ కోసం. కంప్యూటర్ కొనే మనిషి అన్ని అంగాలకూ పైన కూర్చున్న యజమాని కాడు, చేసే పనిలో తానూ ఒక అంగమే. బాదరితో ఆగిపోతే విడిభాగాల జాబితా ఎస్ఎంపీఎస్ దగ్గర ముగుస్తుంది. జైమినితో వెళితే ఆ జాబితాలో మనిషి కన్నూ చెయ్యీ నిద్రా సమయమూ చేరతాయి. పగలు కట్ చేసి, రాత్రి ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకునే ఎడిటర్‌కు 16 కోర్లు ఆ పనిని గంట ముందే ముగిస్తే, ఆ గంట ఎవరికీ దక్కదు. ఆ డబ్బు పగలంతా చూస్తూ కూర్చునే మానిటర్ మీద పెడితే రంగు సరిగ్గా కనిపిస్తుంది. సాయంత్రం ఆ మానిటర్ మీదే గేమ్ ఆడుకోవచ్చు.