కొండకు చుట్టపుచూపు

చుట్టపుచూపుగా ఒకరి ఇంటికి పోయినవాడు ఎంతసేపు నిలువవలెను? ఈ ప్రశ్నకై మన పెద్దలు శాస్త్రములు వెదకలేదు. ఇల్లాలి ముఖము చూచి, పొద్దు చూచి, తామే లేచెడివారు. ఆతిథ్య మిచ్చువారికి ధర్మమున్నట్లే, పుచ్చుకొనువారికిని ఒక ధర్మమున్నదని వారెరుగుదురు. నేడు మన యువతీయువకులలో సెలవు దొరకగానే కొండలకు పోయి, గుడారము వేసికొని రాత్రి గడపవలెనను ఉత్సాహము ప్రబలుచున్నది. మెచ్చదగిన ఉత్సాహమే. కాని కొండయు ఒక ఇల్లే యైనచో, అచ్చట మన అతిథిధర్మ మెట్టిది? ఇదియే ఇచ్చట విచారింపదలచిన విషయము.

కర్ణాటకమున స్థిరపడిన మనకు చేరువనున్న ఉదాహరణము కుదురేముఖము. చిక్కమగళూరు జిల్లాలో సుమారు 1,890 మీటర్ల ఎత్తున నున్న ఈ శిఖరము గుర్రపు మొగమును పోలియుండుటచే దానికా పేరు వచ్చినది. 1987లో దాని చుట్టుపట్ల సుమారు 600 చదరపు కిలోమీటర్ల అడవి జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. 2012లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వముగా గుర్తించిన పడమటి కనుమల స్థలములలో ఇదియు నొకటి. ముళ్లోడి గ్రామమునుండి శిఖరమునకు పోయి వచ్చుటకు సుమారు 20 కిలోమీటర్ల నడక. దారిలో ఒంటరిగా నిలిచిన చెట్టున్న చోటును కన్నడిగులు ‘ఒంటిమర’ అందురు. మన ‘ఒంటిమాను’ వలెనే చెవికి సోకును. అనుమతి పొంది, రుసుము చెల్లించి, ఉదయమున బయలుదేరినవారు సాయంకాలమునకు దిగిరావలెను. శిఖరముపై గుడారము వేయుట నిషిద్ధము.

ఈ నిషేధమునకు నొచ్చుకొనువారు పలువురు కలరు. “నేను చెట్టు కొట్టను, నిప్పు వేయను, చెత్త విడువను. ఒక్క రాత్రి పరుండినంత మాత్రమున కొండకు కలుగు కీడేమి?” అని వారి మొదటి ప్రశ్న. రెండవది మరింత పదునైనది. ఇదే అడవి నడుమ 1976లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఇనుప ఖనిజమును ఏండ్ల తరబడి త్రవ్వినది. 2002లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన పిదప, 2005 చివరకు గాని ఆ గని మూతపడలేదు. గుట్టలను త్రవ్వుచుండగా ఓర్చుకొన్నవారు, నా చాపను ఓర్వలేరా? మూడవది: నక్షత్రముల క్రింద ఒక రాత్రియైన గడపనివానికి కొండపై మమత యెట్లు కలుగును? మమత లేనివాడు దానిని కాపాడునా?

మొదటి ప్రశ్నకు సమాధానము ఆ నేలలోనే యున్నది. శిఖరము చుట్టు పచ్చిక బయళ్లు, వాని మడతలలో షోలా యను పొట్టి చెట్ల అడవులు కలవు. అచ్చట ఏటా 5,000 మిల్లీమీటర్లకు మించిన వర్షము కురియును. గడ్డివేళ్లతో అల్లుకొనిన మెత్తని మన్ను ఆ నీటిని పీల్చుకొని, వాన వెలిసిన తరువాత మెల్లమెల్లగా వాగులకు విడుచును. మనుష్యుల పాదములు పదేపదే పడినచోట మన్ను గట్టిపడును. నీరు ఇంకక పైపైన పరుగెత్తి, మన్నును కోసికొనిపోవును. కాలిబాట గాడి యగును. గాడి గండి యగును. ఒక్క గుడారపు కీడు కంటికి కనబడదు, నిజమే. కాని “నేనొక్కడనే గదా” అని తలంచువారు వేలకొలది. ఒక్కొక్కరి పాలు ఎంత స్వల్పమనగా, ఎవ్వరును దానిని తమదిగా ఒప్పుకొనరు; మొత్తమో, కొండను కరగించునంతటిది. కావున “నా గుడారము చేయు చెరుపెంత?” అనుట సరియైన ప్రశ్న కాదు. “నావంటి కోరిక గలవారందరు వచ్చినచో ఈ కొండ ఓర్చునా?” అని అడుగవలెను. వారికి లేని హక్కు నాకు మాత్రము ఎచ్చటినుండి వచ్చినది?

ఇంతకును ఆ ఇంటి యజమాని ఎవరు? ఈ ఉద్యానములోని గంగామూలము తుంగ, భద్ర, నేత్రావతులకు పుట్టినిల్లు. తుంగయు భద్రయు కూడలి వద్ద కలిసి తుంగభద్రయై, హోస్పేట ఆనకట్టను దాటి, మంత్రాలయము మీదుగా పోయి, సంగమేశ్వరము వద్ద కృష్ణలో కలియును. సుంకేసుల వద్ద బయలుదేరు కాలువ ఆ నీటినే కర్నూలు, కడప సీమల పొలములకు చేర్చును. అచ్చట మడికి నీరు పెట్టు రైతు కుదురేముఖమును చూచియుండడు. అయినను ఆ పచ్చికలో అతనికి పాలున్నది. షోలాలలో తిరుగు సింహపుతోక కోతికిని, పుట్టబోవు బిడ్డలకును పాలున్నది. మనము గుడారము వేయబోవునప్పుడు వీరెవ్వరు ఎదుట నిలిచి వద్దనలేరు. ఇంటివారు ఎదుట లేని ఇంటిలో అతిథి మరింత ఒదిగి మెలగవలెను గదా!

గనిని చూపి చేయు వాదములో న్యాయము లేకపోలేదు. బలవంతుని విడిచి బలహీనుని కట్టు నియమమునకు గౌరవము దక్కదు. కాని గని మూతపడినది కూడ అడవిని కాపాడవలెనను న్యాయముచేతనే. పెద్ద తప్పు చిన్న తప్పునకు అనుమతిపత్రము కానేరదు. పైగా గనివారికి ఇనుము కావలెనని చెప్పుకొనుటకైన నుండెను. మనకు ముచ్చట తప్ప వేరు కారణము లేదు. అయితే ఒక భేదమును మరువరాదు. ఆ అడవిలో తరతరములుగా బ్రదుకుచున్న మలెకుడియ కుటుంబములవారు చుట్టములు కారు. అతిథికి తగిన నియమమును ఇంటివారిపై మోపుట ధర్మము కాదు. పరభాషాప్రాంతమున తరములు గడపిన మనకు ఈ భేదము తెలియును. ఏండ్లు గడచినంతనే ఒక నేల మనది కాదు. దాని బరువును మోసినప్పుడే మనదగును.

ఇక మమత మాట. నక్షత్రములను చూడగోరువారికై అడవిలోనే అటవీశాఖవారు ఏర్పరచిన భగవతి ప్రకృతి శిబిరము వంటి చోట్లు కలవు. శిఖరముపైననే పరుండవలెనను పట్టుదల కొండపై మమతయో, మన గొప్పపై మమతయో ఎవరికి వారే విచారించుకొనవలెను. ఉదయమున నేలపై కాలు మోపుటకు ముందు భూదేవిని క్షమింపుమని వేడుకొను ఆచారము మన ఇండ్లలో ఉన్నది. త్రొక్కక తప్పదని దానికి తెలియును, అందుకే క్షమాపణ. అట్లు వేడుకొనినవాడు అవసరమునకు మించి త్రొక్కరాదు.

కావున మన బిడ్డలను కొండకు పోవలదని వారింపవలదు, తప్పక పంపుదము. పంపునప్పుడు నియమముతోపాటు దాని కారణమును గూడ చెప్పుదము. ఆ పచ్చికలో ఇంకిన నీరు ఏయే ఊళ్ల మీదుగా ఎవరి మడికి చేరుచున్నదో వారికి తెలిసినచో, పొద్దు వాలకముందే వారు తమంతట తామే దిగివత్తురు.