మోకాలి తాడు

బార్కస్ అన్న పేరు బ్యారక్స్ అనే మాట జనం నోట నలిగి మిగిలిన రూపం. నిజాం కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలు చాంద్రాయణగుట్ట పక్కన ఈ బారకాసుల్లో ఉండేవారు. 1948తో కొలువు పోయింది, పేరు ఉండిపోయింది. ఇవాళ హైదరాబాదులో బార్కస్ అంటే మండీ పళ్లెం, జామపండ్లు, పెళ్లి బరాతులో మర్ఫా దరువు. కానీ బారకాసులో యుద్ధం జరగదు. యుద్ధం ఎప్పుడొస్తుందో తెలియని మనిషి గుర్రానికి నాడాలు చూసుకుంటూ, తుపాకి తుడుచుకుంటూ కాలం గడిపే చోటది. అలాంటి పేరున్న పేటలో ఒక ప్రశ్న వేసుకోవడం సబబే. ఇక్కడి యువకుడెవరైనా తేలికపాటి స్పోర్ట్స్ కారును మొదటిసారి రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లబోతుంటే, ఇంట్లోవాళ్లు చదివే దువాకూ షెడ్డులో మెకానిక్ మార్చే బ్రేక్ ఆయిల్‌కూ ఏమిటి సంబంధం? ఒకటి పరలోకానిదీ, ఇంకొకటి పానాలదీ అని విడదీసి చూడటం మనకు అలవాటు. ఆ విభజనే తప్పని, పానా పట్టుకోవడం కూడా తవక్కుల్‌లో, అంటే దేవుడి మీద భారం వేయడంలో, భాగమేనని నేను అనుకుంటాను.

దీనికి బార్కస్ వారసత్వంలోనే సాక్ష్యం ఉంది. హద్రమీలు షాఫియీ సంప్రదాయం వాళ్లు. ఇమామ్ షాఫియీ (767–820) మంచి విలుకాడని ప్రతీతి. గుర్రప్పందేలు, విలువిద్య పోటీల మీద ధర్మశాస్త్రంలో విడిగా ఒక అధ్యాయం రాసిన తొలి పండితుడు ఆయనేనని ఆయన శిష్యుడు ముజనీ చెప్పినట్టు అంటారు. ఆ చర్చకు మూలమైన హదీసుల్లో ఒకటి బుఖారీ సంకలనంలో ఉంది. మదీనాలో ప్రవక్త గుర్రాల పోటీ పెట్టించారు. ఇద్మార్ చేసిన గుర్రాలు హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా దాకా, ఐదారు మైళ్లు, పరుగెత్తాయి. ఇద్మార్ చేయని వాటికి అక్కడినుంచి బనూ జురైక్ మసీదు దాకా, సుమారు ఒక్క మైలే. ఇద్మార్ అంటే మొదట గుర్రాన్ని బాగా మేపి, తర్వాత మేత తగ్గించి, బట్ట కప్పి చెమట పట్టించి, కొవ్వు కరిగించి తేలికగా, గట్టిగా తయారుచేయడం. చాలామంది ఈ కథలో పోటీని చూసి ఆగిపోతారు. నాకు మాత్రం అందులో రెండు దూరాలే ముఖ్యంగా కనిపిస్తాయి. సిద్ధపడని గుర్రానికి పరుగు వద్దనలేదు, దాని సిద్ధపాటుకు తగినంత దూరమే ఇచ్చారు. ఎవరి కారును వాళ్లు రేస్ ట్రాక్ మీద తిప్పుకునే ట్రాక్ డేలో కొత్తవాళ్లను విడి బృందంగా పంపడం, పదిహేను ఇరవై నిమిషాలకే వెనక్కి పిలవడం, ముందున్నవాడు చేత్తో సైగ చేస్తేనే దాటనివ్వడం అదే బుద్ధితో చేసినవే. పైగా పందెం లేదు, బహుమతి లేదు. జూదమన్న అభ్యంతరం ఇక్కడ మొదట్లోనే రాలిపోతుంది.

ఇక కారు ఇద్మార్ సంగతి. 1996లో వచ్చిన మొదటి లోటస్ ఎలీస్ సుమారు 725 కిలోలు. (మన పాత మారుతి 800 అంతకన్నా తేలిక. తేలికతనం ఒక్కటే స్పోర్ట్స్ కారును చేయదని గుర్తుచేయడానికి అదొక్కటి చాలు.) ఆ ఎలీస్‌లో ఏబీఎస్ లేదు, బ్రేకు సర్వో లేదు; పాదం ఎంత నొక్కితే అంతే. బరువు సగమైతే బ్రేకులు మింగాల్సిన వేడి సగమవుతుంది. కానీ వేగం రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలు. అంటే తేలిక కారు బరువు విషయంలో క్షమిస్తుందేమో గానీ వేగం విషయంలో ఎవరినీ క్షమించదు. ఆ వేడి చివరికి చేరేది బ్రేక్ ఆయిల్‌కే. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. గాల్లోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. మరిగిన ఆయిల్ ఆవిరవుతుంది, ఆవిరి నొక్కితే కుంచించుకుపోతుంది, పెడల్ నేలకు తగులుతుంది, కారు మాత్రం ఆగదు. కాబట్టి మొదటి పని కొత్త ఆయిల్ పోసి గాలి తీయించడం. తర్వాత ప్యాడ్ల మందం, టైర్ల వయసు, టార్క్ రెంచ్‌తో చక్రాల నట్లు, ఇంజిన్ ఆయిల్ మట్టం. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడొకసారి, వేడెక్కాక ఇంకోసారి కొలవాలి. కాళ్ల కింది మ్యాటు, డాష్‌బోర్డు మీది అత్తరు సీసా, తస్బీహ్ దండ అన్నీ తీసి ఇంట్లో పెట్టాలి. మలుపులో కదిలి పెడల్ కింద చేరే వస్తువు ఎంత పవిత్రమైనదైనా ప్రమాదమే.

ఇక్కడ మతమే ఒక గట్టి అభ్యంతరం తెస్తుంది. హద్రమౌత్ పండితులు తరతరాలుగా గౌరవించిన గ్రంథకర్త గజాలీ (1058–1111). దూదిని కాల్చేది నిప్పు కాదని, నిప్పు తాకినప్పుడు కాలడాన్ని పుట్టించేది దేవుడేనని వాదించినవాడు ఆయనే. మరి కారును ఆపేది బ్రేక్ ప్యాడ్ కాకపోతే ప్యాడ్ మార్చడం దేనికి? ఈ చిక్కుకు జవాబు గజాలీ దగ్గరే దొరుకుతుంది. నిప్పుకూ కాలడానికీ మధ్య తప్పనిసరి బంధం లేకపోయినా, దేవుడు లోకాన్ని ఒక వాడుక ప్రకారం నడుపుతాడు. ఆ వాడుకను కాదని కూర్చోవడం విశ్వాసం అనిపించుకోదు. అన్నం ముందు పెట్టుకుని చేయి చాచకుండా కడుపు నిండాలనుకునేవాడిది తవక్కుల్ కాదు, వెర్రి అని ఆయన తన ఇహ్యా గ్రంథంలో తేల్చాడు. ఉపాయాలను ఆయన మూడు తరగతులు చేశాడు: ఫలితం ఖాయమైనవి, దాదాపు ఖాయమైనవి, ఊహామాత్రమైనవి. మొదటి రెండింటినీ వాడుకున్నా విశ్వాసానికి లోటు లేదు. మూడోదాన్ని నమ్ముకుంటేనే లోటు. బ్రేక్ ఆయిల్ ఏ తరగతో చెప్పనక్కర్లేదు. దిష్టి తగలకుండా కట్టే నల్లదారం మూడోదే, కొత్త బండి టైరు కింద మనం నలిపే నిమ్మకాయా మూడోదే. నిమ్మకాయ మీద నాకేమీ కోపం లేదు. అది పెట్టడానికి వంగినప్పుడు టైరు అంచు అరిగిందో లేదో చూసినవాడికి కొంత పుణ్యం దక్కుతుందని కూడా ఒప్పుకుంటాను.

ఇది ఒక్క ఇస్లాంలోని చిక్కు మాత్రమే కాదు. గీత పద్ధెనిమిదో అధ్యాయం ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, ఐదోది దైవం. వరుసలో చివర రావడాన్ని పట్టుకుని వాదించను గానీ, దైవం ఒక్కటే చాలని ఆ లెక్క అనడం లేదు, మొదటి నాలుగే చాలనీ అనడం లేదు. యాజ్ఞవల్క్య స్మృతి ఇదే సంగతికి రథాన్ని ఉపమానంగా తెచ్చుకుంది. ఒంటి చక్రంతో రథం కదలనట్టే పురుషకారం లేని దైవం ఫలించదంటుంది. ఒంటెను విప్పి దేవుడికి వదిలేయాలా, కట్టేసి భారం వేయాలా అని ఒక మనిషి అడిగితే, ముందు కట్టెయ్యమని ప్రవక్త చెప్పిన హదీసు తిర్మిజీ సంకలనంలో ఉంది. ఎడారిలో కట్టడమంటే మడిచిన ముందుకాలి మోకాలికి తాడు బిగించడం. ఒంటె అక్కడే ఉంటుంది, తాడూ ఉంటుంది, దేవుడూ ఉంటాడు. మూడింటిలో దేన్నీ తీసేయనక్కర్లేదు.

అసలు కష్టమైన అభ్యంతరం ఇంకోటి. ఒంటె బతుకుదెరువు. గుర్రాన్ని యుద్ధానికి తయారుచేసేవారు. కారును గిరగిరా తిప్పి బయల్దేరిన చోటికే రావడానికి ప్రాణాన్ని పణం పెట్టడం ఏ ధర్మం? తనను తాను చేజేతులా నాశనంలోకి నెట్టుకోవడాన్ని ఖురాన్ రెండో అధ్యాయం నిషేధించిందని ఏ మౌల్వీ అయినా గుర్తుచేస్తాడు. ట్రాక్ మీద నేర్చినది రోడ్డు మీద పనికొస్తుందని వేగప్రియులు చెప్పే జవాబు నాకు బలంగా అనిపించదు. నేర్చిన నైపుణ్యం కన్నా పెరిగిన ధీమా ఎక్కువైతే లాభం తారుమారవుతుంది. ఆటకు ప్రయోజనం ఉండి తీరాలన్న షరతు లేదన్నదే నేరుగా చెప్పగల జవాబు. షరతు హద్దులకే. పందెం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందే తెలియాలని షాఫియీ ధర్మశాస్త్రం పట్టుబట్టేది అందుకే. హైదరాబాదు దీన్ని కళ్లారా చూసింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల వీధులకు గోడలు కట్టి ఫార్ములా ఈ రేసు నడిపారు, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. గోడలు తీసేశాక అదే తారు మీద అదే పని చేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం, తొలిసారికే మూడు నెలల దాకా జైలో, ఐదు వేల దాకా జరిమానానో, రెండూనో. మారిందల్లా ఒక్కటే: గోడ లోపల ఉన్నవాళ్లు ప్రమాదానికి ఒప్పుకుని వచ్చారు, ఔటర్ రింగ్ రోడ్డు మీద పక్క లేన్‌లో పిల్లలతో వెళ్తున్నవాడు ఒప్పుకోలేదు. అందుకే బార్కస్ నుంచి ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు వెళ్లి, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి ఉన్న ట్రాక్ మీద తిరగడం డబ్బు దండగలా కనిపించినా, ధర్మం లెక్కలో ఆ దూరానికి విలువుంది.

అయితే ఒప్పుకున్నవాడు ఒక్కడేనా? మన మోటారు బీమా పాలసీలు రేసులనూ వేగ పరీక్షలనూ మినహాయిస్తాయి. కారు గోడకు తగిలితే బీమా పైసా రాదు. అప్పు మీద కొన్న కారైతే వాయిదాలు ఇంట్లోవాళ్ల నెత్తిన పడతాయి. కాబట్టి ఆ కారు తుక్కయిపోయినా నెల గడుస్తుందా అని భార్యతోనో అమ్మానాన్నలతోనో కూర్చుని లెక్క వేసుకోవడం హెల్మెట్ కొనడం కన్నా ముందు జరగాలి. ఆ లెక్క తేలకపోతే వెళ్లకూడదు. ఈ విషయంలో మౌల్వీ పక్షమే నాది. సగం కాలం షెడ్డులో ఉండే ఖరీదైన బొమ్మ దుబారా కాదా అంటే, అవును, కొంత దుబారానే. పెళ్లి భోజనాలంత కాదు.

చేయి చాచకుండా దేవుడికి వదిలేయడం ఒక వైపు పొరపాటైతే, అన్నీ సరిచూశాను కనుక ఇక ఏమీ కాదన్న నమ్మకం రెండో వైపు పొరపాటు. మొదటి రోజున ఎక్కువమందిని పట్టుకునేది అదే. సిరియాలో మహమ్మారి ఉందని విని ఖలీఫా ఉమర్ దారి మధ్య నుంచి వెనుదిరిగినప్పుడు, దేవుడి నిర్ణయం నుంచి పారిపోతున్నావా అని సేనాని అబూ ఉబైదా నిలదీశాడు. ఒక నిర్ణయం నుంచి ఆయనదే ఇంకో నిర్ణయంలోకి అని ఉమర్ జవాబు. మలుపు ముందు బ్రేకు ఆలస్యం చేయాలా వద్దా అన్న సందేహం వచ్చినప్పుడు ముందే తొక్కేవాడు చేసేది ఇదే. ఎర్ర జెండా చూసి నెమ్మదించేవాడూ, మూడో రౌండుకు పెడల్ మెత్తబడిందనిపించి పిట్‌లోకి వచ్చేసేవాడూ పిరికివాళ్లు కారు. చివరి రౌండు బ్రేకులు వీలైనంత తక్కువ వాడుతూ నెమ్మదిగా తిప్పి డిస్కులకు గాలి తగలనివ్వాలి. ఆగాక హ్యాండ్‌బ్రేక్ లాగకూడదు, కాలుతున్న డిస్కును ప్యాడ్లు పట్టేస్తాయి. గేరులో ఉంచి, దిగి, వెనక చక్రం కింద ఒక రాయి పెట్టాలి.