తనఖా పొలము – భరతుని న్యాసము

శ్రీనివాసుడు పద్మావతీ పరిణయమునకై కుబేరునివద్ద అప్పు గైకొనిన వృత్తాంతము తెలియని వైష్ణవ గృహము తెలుగునాట ఉండదు. కాని భవిష్యోత్తర పురాణాంతర్గతమైన వేంకటాచల మాహాత్మ్యమున ఆ ఋణపత్రము ఎట్లున్నదో గమనించువారు కొలదిమంది. విలంబి నామ సంవత్సర వైశాఖ శుద్ధ సప్తమినాడు రామముద్ర గల నిష్కములు 14 లక్షలు కుబేరు డిచ్చెను. వివాహ సంవత్సరము మొదలుగా వెయ్యేండ్లు నిండిన పిమ్మట అసలు వడ్డీతో గూడ చెల్లింపవలయును. చతుర్ముఖుడు, త్రిలోచనుడు, అశ్వత్థవృక్షము సాక్షులు. మొత్తము, గడువు, వడ్డీ, సాక్షులు అన్నియు ఆ పత్రమున నున్నవి. తాకట్టు మాట మాత్రము లేదు. ఏడుకొండల స్వామికి అప్పిచ్చినవాడు ఒక్క కొండనైనను తనకు వ్రాసి యిమ్మని అడుగలేదు.

వడ్డీ గొనుటయే పాపమని కొందరు భక్తులు శంకింతురు. ధర్మశాస్త్రము అట్లు చెప్పలేదు. కృషి గోరక్ష వాణిజ్యములతోపాటు కుసీదమును, అనగా వడ్డీ వ్యాపారమును, మనువు వైశ్యవృత్తులలో చేర్చెను. వసిష్ఠుడు విధించిన వడ్డీ నూటికి నెలకు ఒకటింపావు. కౌటిల్యుడును ధర్మ్యమైన వడ్డీగా దానినే చెప్పెను. ఆ లెక్కన అసలు రెట్టింపగుటకు 80 నెలలు పట్టును. నేడు చిలకలూరిపేట బజారున రెండు రూపాయల వడ్డీ యన్నచో 50 నెలలు. ఐదు రూపాయల వడ్డీ యన్నచో 20 నెలలు మాత్రమే. ఒక్కసారిగా పుచ్చుకొను వడ్డీ అసలును మించరాదని మనువు మరియొక హద్దు పెట్టెను. దీనినే దాందుపట్టు అందురు. బ్రిటిషు పాలనలో బొంబాయి రాజధాని న్యాయస్థానములు దీనిని పాటించినవి. మద్రాసు రాజధానిలోనో, 1938 నాటి వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము వచ్చి, అసలునకు రెట్టింపు చెల్లించిన రైతు పాతబాకీ తీరినట్లే యని పలుకువరకు గుంటూరు మండల రైతునకు ఆ రక్షణ లేకపోయెను.

అయినను వడ్డీ హెచ్చుతగ్గులకంటె లోతైన దోషము ఒకటి కలదు. భక్తులు ముఖ్యముగా విచారింపదగిన దదియే.

చిలకలూరిపేట నూలు మిల్లుల ఊరు. చుట్టుప్రక్కల నల్లరేగడిలో ప్రత్తి, మిరప, పొగాకు పండును. ఈ పైరు లన్నియు పెట్టుబడి మింగునవే. పురుగుమందులకు, కూలీలకు, కుమార్తె వివాహమునకు రైతు చేబదులు వెదకును. ఇచ్చువారు కేవలము షావుకారులు కారు. పింఛను సొమ్ము చేతనున్న ఉపాధ్యాయుడు, భర్త పోయిన పిదప వచ్చిన పైకముతో కాలము గడుపు ఇల్లాలు, ఇట్టివారును కలరు. వీరికి హామీ కావలయుననుట న్యాయమే. ప్రామిసరీ నోటు మూడేండ్లకు కాలదోషము పట్టును, బాకీదారు ఐ.పి. పెట్టినచో ముసలితనపు ఆధారము నీటిపాలగును. అప్పు ఎగవేయువాడు నిరుపేదల సొమ్ము అపహరించుచున్నాడను మాట దాచనక్కరలేదు.

కాని ఆ హామీని వ్రాయించుకొను తీరు చూడవలయును. తనఖా దస్తావేజు వ్రాయించుకొనుటకు మారుగా పూర్తి విక్రయ దస్తావేజునే రిజిస్టరు చేయించుకొనుట కొందరికి వాడుకయైనది. ‘బాకీ తీర్చిననాడు తిరిగి వ్రాసెదను’ అనునది నోటిమాట. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము బాకీ చెల్లించి తనఖాను విడిపించుకొను హక్కును రైతునకు ఇచ్చినది. 1929 సవరణ తరువాత, తిరిగి వ్రాసెద నను షరతు ఆ విక్రయపత్రములోనే లేనిచో అది తనఖాగా చెల్లదు. ఇది తెలిసియే ఆ షరతును పత్రమున లేకుండ చేయువాడు ఏమి కోరుచున్నాడు? అతడు వడ్డీకై అప్పిచ్చుట లేదు, పొలమునకై ఇచ్చుచున్నాడు. రాజధాని వార్తతో 2014 తరువాత అమరావతి పరిసరములలో భూముల ధరలు ఎగసినవి; 2019 చివర మూడు రాజధానుల మాట వచ్చినంతనే పడిపోయినవి. ధర పెరుగుచున్న కాలమున ఇట్టివాని మనస్సు ఎట్లుండును? బాకీదారునికి పంట పండరాదని, గడువు దాటవలయునని లోలోపల కోరుచుండును. ప్రొద్దుట విష్ణుసహస్రనామము పారాయణము చేసి, ఆ పెదవులతోనే వాన పడునా యని అడుగునప్పుడు, ఆ ప్రశ్న ఎవరి మేలు కోరి అడిగినది?

పరుల సొత్తు మన చేత నున్నప్పుడు శాస్త్రము దానికి పెట్టిన పేరు న్యాసము. శ్రీమద్రామాయణమున భరతుడు ఈ మాటనే వాడెను. తల్లి వరముచే రాజ్యము సంక్రమించినది, తండ్రి గతించెను, అన్న వనమున కేగెను. పత్రముల భాషలో చెప్పినచో హక్కు సర్వము భరతునిదే. అయినను అన్నగారు న్యాసముగా ఉంచిన రాజ్యమని పలికి, నంది గ్రామమున పాదుకల నుంచి, జటావల్కలములతో 14 ఏండ్లు కాచెను. గడువు దాటవలయునని కోరుట యటుండ, గడువు దాటినచో అగ్నిప్రవేశము చేసెద నని ప్రతిన పూనెను. రాముడు తిరిగి వచ్చిననాడు పాదుకలను స్వయముగా ఆయన పాదములకు తొడిగి, న్యాసమును అప్పగించి, కోశమును, ధాన్యాగారమును, పురమును, సైన్యమును చూచుకొనుమని లెక్క చెప్పెను. అన్నియు పదిరెట్లైనవి, అదియు నీ తేజస్సు వలననే అనెను. ఆ పెరుగుదలలో తన వాటా అడుగలేదు.

2015 డిసెంబరున విజయవాడలో కాల్‌మనీ వ్యవహారము బయటపడినది. అప్పుల పేర స్త్రీలను బాధించిన వైనము విని లోకము నివ్వెరపోయినది. అట్టివారితో తమకు పోలిక లేదని గృహస్థులు తలచుట సహజము. పోలిక లేకపోవచ్చును. ఐనను వార్ధుషికుని అన్నమును మనువు ఎంత హేయముగా చెప్పెనో చదివినవారికి, ఐదు రూపాయల వడ్డీలో కొంత ముడుపు కట్టి హుండీలో వేసినంత మాత్రమున ఆ అన్నము శుద్ధమగునని తోచదు. స్వామి తానే వడ్డీ కట్టుచున్నవాడు. బాకీదారుల వరుసలో ఆయన మొదట నిలిచియున్నాడు.

కావున పేటలోను పల్లెలలోను సొమ్ము అప్పిచ్చు భక్తులు తనఖాను తనఖాగానే వ్రాయించుకొనవలయును. రైతు కట్టిన ప్రతి మొత్తమును ఆనాడే నోటు వెనుక చెల్లు వేయవలయును. ధాన్యముగా ఇచ్చినను ధర కట్టి వ్రాయవలయును. విక్రయపత్రము ఇదివరకే చేతనున్నవారు తిరిగి వ్రాయు షరతును కాగితముపై పెట్టి సంతకము చేసి రైతున కిచ్చుట మేలు. మరణము చెప్పి రాదు. తండ్రి నోటిమాట కొడుకులకు తెలియదు, తెలిసినను గుర్తుండదు. బాకీ తీరిననాడు రైతు వచ్చి అడుగువరకు ఆగక, పెట్టెలోని కాగితములను తీసికొని రిజిస్ట్రారు కార్యాలయమునకు తానే ముందుగా పోవలయును.