ఎవరూ చిన్నబోని పుస్తకాలు

దువ్వూరు

చిరంజీవి మనవరాలికి తాత ఆశీర్వదించి రాసేది.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు పిల్లలకు బొమ్మల పుస్తకాలు తెస్తానని, ఎట్లాంటివి తెమ్మంటావని అడిగినావు. మొదటి జీతంలో నుంచి ఆ ఖర్చు పెట్టుకున్నందుకు నాకు చాలా సంతోషమైంది. ఫోన్లో చెప్తే సగం మరిచిపోతావని రాస్తున్నా.

ముందు మనింట్లో చాప మీద ఎవరెవరు కూర్చుంటారో తలుచుకో. బెంగుళూరు నుంచి వచ్చే పిల్లలకు ఇంగ్లీషు గడగడా వస్తుంది, తెలుగైతే కూడబలుక్కోవాల. మీ చిన్నాయన పిల్లలు తెలుగే చదవగలరు. పక్కింటి పిల్లోడు సందేళయితే మన దగ్గరే. మీ అవ్వకు అక్షరం రాదు. వీళ్ళలో ఏ ఒక్కరూ పుస్తకం ముందు చిన్నబోకూడదు. నేను చెప్పదలిచింది ఇదే, తక్కినవన్నీ దీని వెంబడి వచ్చేవే.

అంగట్లో పుస్తకం చేతికి తీసుకున్నాక ఒక పుట గొంతెత్తి చదువు. సిగ్గుపడొద్దు. కొన్ని అనువాదాలు చూసేదానికి ముచ్చటగా ఉంటాయి, చదవబోతే ఎక్కడ ఊపిరి తీసుకోవాల్నో తెలీదు. అట్లాంటిదాన్ని తీసిన చోటే పెట్టెయ్. పైకి చదివే తెలుగు ఎట్లుండాల్నో పిల్లల పత్రిక చందమామను చూస్తే తెలుస్తుంది. అది 1947 జులైలో మొదలైంది. 1952 నుంచి, 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు దాని బాధ్యత చూసినారు. ఎవరి కథ వచ్చినా తన చేత్తో తిరగరాసి తేట తెలుగులోకి తెచ్చేవారు. అందుకే ఇంట్లో చదువొచ్చిన ఒక్కరు పైకి చదివితే రానివాళ్ళంతా చుట్టూ కూర్చుని వినేవాళ్ళు. వడ్డాది పాపయ్య గారి అట్టమీది బొమ్మ చూసేదానికైతే చదువుతో పనే లేదు.

చెన్నై తూలిక వాళ్ళ పుస్తకాలు కొన్నిట్లో ఒకే పుటలో ఇంగ్లీషూ తెలుగూ రెండూ ఉంటాయి. అవి రెండన్నా తీసుకో. అక్క ఇంగ్లీషు వాక్యం చదివితే తమ్ముడు తెలుగు వాక్యం అందుకుంటాడు. అయితే ఎవరు బాగా చదివినారనే మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. పెద్దోళ్ళు సరదాకు అనే ఆ ఒక్క మాటతో తడబడిన బిడ్డ మళ్ళీ పుస్తకం ముట్టదు. ఎవరి బడి ఫీజు ఎంతనేది మన చాప మీదికి రానీయొద్దమ్మా. ఇది నువ్వు గట్టిగా నిలబడి చూసుకోవాల.

సికింద్రాబాదు తార్నాకలో మంచి పుస్తకం అనే ప్రచురణకర్తలున్నారు, వాళ్ళవి ధర తక్కువ. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో పెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగానే దొరుకుతాయి. వాటిని కాగితం మీద అచ్చు తీయించుకుని రా. ఫోన్ మీద అన్ని తలకాయలు వాలలేవు.

బొమ్మల్లో మనుషుల్ని కూడా చూడు. మంచోళ్ళంతా తెల్లగా, దొంగా రాక్షసుడూ మాత్రం నల్లగా ఉండే పుస్తకం కొనొద్దు. మన బిడ్డలవన్నీ ఎండకు కాగిన ఒళ్ళే, వాళ్ళు ఎవరి పక్క నిలబడాల? వంట చేసే అమ్మ, పేపరు చదివే నాయన ఉండేవి కూడా ఒకటో రెండో అయితే సరే, తెచ్చేవన్నీ అట్లే ఉండకూడదు.

దూరదేశపు కథలుంటే వెనకాడొద్దు. మీ నాయన చిన్నప్పుడు మాస్కో రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర వాళ్ళ దగ్గర చవగ్గా దొరికేవి. ఒక దాంట్లో ఊరంతా మంచు పరుచుకున్న బొమ్మ ఉంది. "పత్తి ఎందుకు నేలమీద పారబోసినారు?" అన్నాడు మీ నాయన. నేను చెప్పబోయే లోపల మీ అవ్వ, "ఈ ఏడు వాళ్ళూర్లో కూడా ధర పలకలేదేమోలే నాయనా" అనింది. అంతే, ఆ రాత్రి కథ సోవియట్ దేశం వదిలి మన కేసీ కాలువ గట్టుకు వచ్చేసింది. పత్తి పారబోసిన ఆ రైతు అప్పు ఎట్ల తీరిందో, కొడుకు ఎట్ల చదివినాడో మీ అవ్వే చెప్పుకుంటూ పోయింది. నేను మంచు సంగతి మరునాడు చెప్పినా. అక్షరం లేకుండా బొమ్మలే కథ నడిపే పుస్తకం ఒకటి తప్పకుండా తే. అది అవ్వ చదువుతుంది. ఆమె ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోండి, సరిదిద్దొద్దు.

కథ అయినాక నీతి ఏందని పిల్లల్ని అడగొద్దు. మళ్ళీ మొదటినుంచి చదవమంటే చదువు, రోజూ అదే కథ అడిగినా చదువు. చినుగుతాయని బీరువాలో దాచిపెట్టేటంత ఖరీదైనవి తేనే వద్దు.

ఒక సందేళ అందరినీ ప్రొద్దుటూరుకు తీసుకుపోదాం, వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారిశాలలో దసరా అలంకారం చూసేదానికి. ఆ రోజు చదవడం ఉండదని పిల్లలకు ముందే చెప్పు. ఏ బస్సుకు బయల్దేరేదీ తెలిపితే మైదుకూరుకు మీ చిన్నాయనను పంపుతా. పుస్తకాలతో సంచి బరువుంటుంది, ఒక్కదానివే మోసుకురావద్దు.

ఇట్లు
మీ తాత