వంతెన – దానమా, ఋణమా?

బావులు త్రవ్వించుట, చెరువులు కట్టించుట, బాటసారులకు వంతెనలు నిర్మించుట మొదలగునవి పూర్తధర్మములని పెద్దలు చెప్పిరి. అందుచే వంతెన కట్టించినవానిని పుణ్యాత్ముడని లోకము కొనియాడుచున్నది. అయితే ప్రతి వంతెనయు దానమేనా? తాను తీర్పవలసిన బాకీని తీర్చి, దానికి దానమని పేరు పెట్టుకొనుట సమంజసమా? ఇంగ్లండు దేశములోని పాత కాలువలపై నేటికిని నిలిచియున్న చిన్న వంతెనలు ఈ ధర్మసందేహమును మన ముందుంచుచున్నవి.

బ్రిడ్జివాటరు ప్రభువు తన వర్‌స్లీ గనుల బొగ్గును మాంచెస్టరు నగరమునకు చేర్చుటకై 1759లో పార్లమెంటు అనుమతి పొంది కాలువ త్రవ్వించెను. 1761లో దానిపై బొగ్గు పడవలు నడచినవి. పిమ్మట డెబ్బది యేండ్లలో ఆ దేశమంతట కాలువలు అల్లుకొనినవి. కాలువ సాగిన చోటనెల్ల భూమి రెండుగా చీలినది. రైతు ఇల్లు ఈ గట్టున, పొలము ఆ గట్టున మిగిలినవి. తరతరములుగా బండ్లు నడచిన బాట నీటి అంచున ఆగిపోయినది.

అందుచేత కాలువలకు అనుమతినిచ్చిన చట్టములే ఒక విధి నియమించినవి. కాలువ ఏ బాటను ఖండించునో ఆ బాటకును, ఎవని పొలమును చీల్చునో ఆ రైతుకును కంపెనీవారు వంతెన కట్టవలెను. ఒకే ఒక్క రైతు ఆవులు దాటుటకై కట్టిన వంతెనలు కూడ పెక్కు కలవు. ఇది కంపెనీ చూపిన దయ కాదు. చీల్చినవాడు చెల్లించిన ఋణము.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. కాలువవలన బొగ్గు చౌకయై ఊరివారందరును సుఖించిరి గదా, ఆ రైతు ఇంటి పొయ్యి కూడ ఆ బొగ్గుతోనే మండినది గదా, అతడు కొంచెము చుట్టు తిరిగిన నష్టమేమి? ఈ వాదము పైకి న్యాయముగా కనబడును గాని నిలువదు. లాభము అందరికిని పంచబడినది. నష్టము మాత్రము కొందరి నెత్తిన పడినది. పదిమంది మేలు ఒకని కీడును మాపజాలదు. లోకహితమను పేరుతో ఒకని దారి మూసినవాడు, ఆ దారిని తెరచిన పిదపనే లోకహితమును గూర్చి చెప్పుకొనదగును.

సరే, ఋణమైనచో అందు ప్రేమకు తావు లేదా? ఉన్నది. 1831లో ప్రారంభమైన మాకిల్స్‌ఫీల్డు కాలువను చూడుడు. ఆ రోజులలో గట్టుపై నడచు గుఱ్ఱము మోకుతో పడవను లాగెడిది. గుఱ్ఱపు బాట ఒక గట్టునుండి వేరొక గట్టునకు మారుచోట మోకు విప్పి మరల కట్టవలసి వచ్చును. ఈ కాలువపై అట్టి చోట్ల రాతి వంతెనలను పాము చుట్టవలె మలచిరి. గుఱ్ఱము వాలుబాటను ఎక్కి, వంతెన దాటి, చుట్టుగా దిగి, అదే వంతెన కమాను క్రిందుగా సాగిపోవును. మోకు విప్పనక్కరలేదు. వంతెన కట్టుమని చట్టము చెప్పగలదు గాని, గుఱ్ఱపు మోకును తలచుకొనుమని చెప్పజాలదు. బాకీ తీర్చుచునే ఎదుటివాని శ్రమను తలచుట, అదియే ప్రేమ.

ఆక్స్‌ఫర్డు కాలువ దక్షిణభాగమున ధనము చాలక పెక్కు చోట్ల కొయ్యతో ఎత్తుడు వంతెనలు కట్టిరి. శక్తికొలది చెల్లించినను ఋణము ఋణమే. లేమి చూపి ఎగవేయలేదు.

కాలము మారినది. ఎడ్లబండ్లవంటి తేలిక బండ్లకై కట్టిన వంతెనలపై నేడు బరువైన మోటారు బండ్లు పోవుచున్నవి. ఇంతకు మించిన బరువు కూడదని పెక్కు వంతెనలకడ పలకలు నాటియున్నారు. 2012 నుండి ఇంగ్లండు, వేల్సులలోని పెక్కు కాలువల సంరక్షణ ఒక ధర్మసంస్థ చేతిలో ఉన్నది. కాలువ త్రవ్వినవారు గతించిరి, కంపెనీలు అంతరించినవి. అయినను వంతెన బాగుసేత ఆగలేదు. ఆస్తిని స్వీకరించినవాడు దానితోడి ఋణమునుగూడ స్వీకరించినవాడే. అయితే బరువు పెంచినది బాటపై పోవువారు గనుక, ఆ అధికభారములో వారికిని పాలు ఉండుట న్యాయము.

సేతువు అను శబ్దమునకు వంతెన యనియు, కట్ట యనియు అర్థములు కలవు. ఉపనిషత్తులు పరమాత్మను సేతువని వర్ణించినవి. సేతువన్నంత మాత్రమున దాని కావల మరియొక గమ్యమున్నదని తలపరాదనియు, చేతనాచేతనములనెల్ల ఒండొంటితో కలగిపోకుండ తనయందు బంధించి నిలుపువాడు గనుక ఆయన సేతువనియు భగవద్రామానుజులు శ్రీభాష్యమున వివరించిరి. వేరుగా ఉంచుచునే కూడి ఉండునట్లు చేయుట సేతుధర్మము. నీరు నీటిదారిని, బండి బండిదారిని పోవుచుండగా రెంటికిని హాని లేకుండ కాచునదే మంచి వంతెన.

మన గృహములలోనికి చూచుకొందము. పంపకాలలో అన్నదమ్ముల నడుమ గోడ లేచును. గోడ తప్పనిసరి కావచ్చును; కాని అవతలివాని నూతిదారి మూసి, పండుగనాడు పదిమందికి అన్నదానము చేసినచో లెక్క సరిపోవునా? మాటచేత ఒకరి మనసును చీల్చినవాడు కోవెల హుండీలో వేసిన కానుక ఆ చీలికను పూడ్చునా? దానము గొప్పదే. కాని దానమునకు ముందు ఋణము తీరవలెను.

కావున సత్కార్యము తలపెట్టునపుడు, నేనేమి ఈయగలనని అడుగుటకు ముందు, నేనెవరి దారి ఖండించితినని ప్రశ్నించుకొనుట మేలు. ఆ చోట తొలి వంతెన కట్టుదము. పుణ్యము దాని తరువాతి మాట.